జాలరిపేట పడవ మీద పసుపు కాళ్ల గల్

పక్షి కోసం మీరు రెండు వందల కిలోమీటర్లు వస్తారు. మనిషి కోసం రెండు వీధులు దాటరు. మిమ్మల్నే అంటున్నాను, ఈ పేజీ తెరిచి ‘ఎక్కడ, ఎన్నింటికి, ఏ లెన్స్’ అని కింద రాయబోతున్న మిమ్మల్ని. కోపం వస్తే రానివ్వండి. నేనూ అలాగే వెళ్లాను, కాబట్టి అనే హక్కు నాకుంది. ఆఖరికి దారి ఖర్చులు, వేళలు అన్నీ చెబుతాను, భయపడకండి. కానీ నేను చెప్పే వరుసలోనే వినాలి.

జనవరి చివరి వారంలో మా పక్షుల గ్రూపులోకి ఒక ఫోటో వచ్చింది. పంపింది ప్రసాదు, విశాఖలో బ్యాంకు ఉద్యోగి, పదిహేనేళ్లుగా నాకు స్నేహితుడు. జాలరిపేట ఒడ్డున నీలం టార్పాలిన్ కప్పిన ఫైబర్ పడవ, దాని ముందు కొన మీద పెద్ద గల్, అదే సీగల్ పక్షి. అయిదు నిమిషాల్లో తీర్పు వచ్చేసింది: కాళ్లు పసుపు, కనక ప్రతి చలికాలం మన తీరానికి వచ్చే స్టెపీ గల్, చర్చ ముగిసింది. నాకు మాత్రం ముగియలేదు. స్టెపీ గల్‌కు చలికాలంలో తల దాదాపు తెల్లగా ఉంటుంది. దీని తల, మెడ నిండా మసి వేళ్లతో తుడిచినట్టు గోధుమ గీతలు. ఫోటో కింద ప్రసాదు ఇంకో ముక్క రాశాడు, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు: ‘పది రోజులుగా అదే పడవ, అదే చోటు. చేప వేసినా తినడం లేదు.’

గల్ చేప వద్దనడం నేనెప్పుడూ చూడలేదు. శుక్రవారం బడి నుంచి నేరుగా రాజమండ్రి స్టేషనుకు వెళ్లి మధ్యాహ్నం బండెక్కాను. స్లీపర్ టికెట్ రెండు వందల లోపే, ప్రయాణం మూడున్నర గంటలు. ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర లాడ్జీలో ఏడు వందలకు గది దొరికింది. ఒంటరి ఆడమనిషినని ఆధార్ కార్డు రెండుసార్లు అడిగారు. దాని మీద నేను చేసిన వాదన ఇంకో వ్యాసమవుతుంది, వదిలేస్తున్నాను.

శనివారం ఉదయం అయిదుంబావుకు ఆటో మాట్లాడుకున్నాను, నూట యాభై. డ్రైవరు యేసుబాబుది పెందుర్తి. అద్దం దగ్గర చిన్న సిలువ ఊగుతోంది.

“ఇంత పొద్దున్నే జాలరిపేటంటే సేపలకేనా మేడమ్?”

“కాదు బాబూ, ఒక పక్షిని చూడాలి.”

బీచ్ రోడ్డు మలుపు తిరిగాక అన్నాడు: “ఆ పడవ మీదుండీ పిట్టేనా? మొన్నొకాయన్ని దింపినాను. నాను బండి దిగనేదు. ప్రెయిర్ సేసుకొని ఎనక్కి తిప్పీసినాను.”

“పిట్టకు భయమేమిటి?”

“పిట్టకి బయమేటి మేడమ్. అది ఎవులి కోసం ఎదురు సూత్తందో, అదీ బయం.”

ఇలాంటి మాటలకు ఇరవై ఏళ్లుగా వేదికల మీద జవాబులు చెబుతున్నదాన్ని. మూఢనమ్మకం మీద నా దగ్గర సిద్ధంగా ఒక ఉపన్యాసం ఉంటుంది. అది మొదలుపెట్టేలోపే అతను ఇసుకకు చాలా దూరంలోనే ఆటో ఆపేశాడు.

దక్షిణాన యారాడ కొండ నల్లగా పడుకుని ఉంది. దాని మీద లైట్‌హౌస్ వెలుగు తిరుగుతోంది. సముద్రంలో లంగరు వేసిన ఓడల దీపాలు వరసగా, అక్కడ ఇంకో ఊరున్నట్టు ఉన్నాయి. గాలి ఊళ్లోంచి సముద్రం మీదికి వీస్తోంది, బొగ్గు మసి వాసన మోసుకుని. ఒడ్డున పడవలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి, ఒక్కదానికి తప్ప. ఆ నీలం టార్పాలిన్ పడవకు అటూ ఇటూ మూడేసి పడవలు పట్టేంత ఖాళీ. జాలరిపేటలో పడవ పెట్టడానికి జానెడు చోటు కోసం మాటామాటా పెరుగుతుంది. అక్కడ అంత ఇసుకను ఎవరూ వాడుకోవడం లేదు. కుక్కలు కూడా ఆ ఖాళీ అంచుదాకా వచ్చి పక్కకు తిరిగి పోతున్నాయి.

పక్షి ఉంది. మొదట దాని ఆకారం మాత్రమే కనిపించింది. మీలో పక్షులు చూసేవాళ్లకు తెలుసు, గల్ ఎప్పుడూ గాలికి ఎదురుగా నిలబడుతుంది, ఈకలు చెదరకుండా. ఆ ఉదయం తడి ఇసుక మీదున్న గల్స్ అన్నీ గాలి వస్తున్న ఊరివైపు ముఖం పెట్టి ఉన్నాయి. ఇది ఒక్కటే సముద్రం వైపు తిరిగి ఉంది. వెనక నుంచి గాలి దాని వీపు ఈకల్ని రేపుతోంది, చర్మం కనిపించేంతగా. అది కదలలేదు. నేను వచ్చానని తల కూడా తిప్పలేదు. గంటసేపట్లో ఒక్కసారి కూడా అరవలేదు. ఎందుకని అడగకండి, నాకు ఈ రోజుకీ తెలియదు. తెలియనిదాన్ని తెలియదనడం కూడా శాస్త్రమే, కాకపోతే అలా అనాల్సి వచ్చిన చోట వెన్ను చల్లబడుతుంది.

ఆరున్నరకు వెలుగొచ్చింది. బైనాక్యులర్లో కాళ్లు చూశాను. పసుపే, ఎలాంటి అనుమానం లేకుండా. తల మీద గీతలున్న స్టెపీ గల్స్ అరుదుగా ఉంటాయని నాకు నేనే సర్దిచెప్పుకుని గ్రూపులో రాశాను: ‘స్వయంగా చూశాను. స్టెపీ గల్. మామూలుదే.’ అందరూ బొటనవేళ్లు ఎత్తారు.

అప్పుడే వెనక నుంచి ఒక గొంతు. “ఏటప్పా, ఏటి సూత్తన్నావ్?”

నలభై దాటిన మనిషి, చేతిలో ఖాళీ చేపల గంప. పైడమ్మ. ఆ పడవ ఆమె భర్త నూకరాజుదని అప్పటికి నాకు తెలియదు. నేను పంతులమ్మ గొంతుతో మొదలుపెట్టాను: “ఏం లేదమ్మా, ఈ పక్షి కొత్తదేం కాదు. ప్రతి చలికాలం వచ్చేదే. భయపడక్కర్లేదు.”

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. “ప్రెతీ యేడూ వత్తే మాకు తెలవదా? నానీ వొడ్డున పుట్టినాను. మా మావ, మా మావ బాబు, ఎవులూ ఈ పిట్టని సూడనేదు. నువ్వు ఇయాల ఊల్లోకొచ్చి మామూలుదంటన్నావ్.”

“దాని కాళ్లు చూశావా? పసుపు. పసుపు కాళ్లవి ఇక్కడికి…”

“పసుపంటే పసుపేనప్పా,” అని గంప దించింది. “దగ్గిరికెల్లి సూడు.”

నేను పడవ చుట్టూ నడిచి ముందు కొనకు చేరేసరికి పక్షి రెండడుగులు వెనక్కి జరిగింది, ఎగరలేదు. కొనకు బిగించిన తెల్ల చెక్క మీద, అది ఖాళీ చేసిన చోట, అడుగులు. వేళ్ల మధ్య చర్మంతో సహా ముద్రలు, స్పష్టంగా, పసుప్పచ్చగా. టార్పాలిన్ మీద కూడా వరసగా అడుగులు, కొన నుంచి మధ్యదాకా వెళ్లి, మళ్లీ కొనకు వచ్చి. ఎవరో పసిబిడ్డ పసుపు కాళ్లతో ఆ పడవ మీద అటూ ఇటూ తిరుగుతున్నట్టు. అప్పుడు బుర్ర పనిచేసింది: కాలి రంగు అచ్చు పడదు కదా.

“పడవకి పసుపు ఎవరు రాస్తున్నారు?”

“మరెవులు? నానే. రోజూ సందేళ, నూనెలో కలిపి రాత్తన్నాను. ఇది వొచ్చి దాన్లోనే నిలబడతాది.”

“ఇది వచ్చిన మొదటి రోజు కాళ్లు ఏ రంగులో ఉన్నాయి?”

ఆమె ఆలోచించలేదు. “పసిగుడ్డు పాదాల్లేవూ, అలగ. ఎర్రగా కాదు, తెల్లగా కాదు.”

గులాబీ రంగు కాళ్లు, గీతల తల, కంటి చుట్టూ నారింజ ఎరుపు, మన గల్స్ కంటే కాస్త పెద్ద శరీరం. వేగా గల్. సైబీరియా ఈశాన్య కొసలో గుడ్లు పెట్టి, జపాన్, కొరియా తీరాల్లో చలికాలం గడిపేది. హెర్రింగ్ గల్ ఉపజాతి అంటారు, కాదు విడి జాతి అంటారు, ఆ తగువు మీరు కింద వ్యాఖ్యల్లో పడండి. బంగాళాఖాతంలో, జాలరిపేట ఇసుక మీద దానికి పనేమీ లేదు. ఇంత అరుదైన పక్షిని నేనూ, గ్రూపులో ఉన్న మహామహులందరూ ఒక ఆడమనిషి పడవకు రాసిన పసుపు చూసి మామూలుదని కొట్టిపారేశాం. కాళ్లు చూశాం, అవి నిలబడిన చోటు చూడలేదు. ఆ ఒక్క వాక్యంలో మన మధ్యతరగతి మేధావితనం మొత్తం ఉంది.

గ్రూపులో తప్పు ఒప్పుకుని కారణం రాశాను. నిమిషంలో ఫోన్లు మోగడం మొదలయ్యాయి. ప్రసాదు అప్పటికే కారు తీస్తున్నాడు. “పదింటికల్లా ఎనిమిది మందిమి వస్తాం, దాన్ని కదలనివ్వకు,” అన్నాడు.

పైడమ్మ ఇదంతా చూస్తూ నిలబడింది. “ఎనమండుగురా? పిట్టకే?” అంది. ఆ తర్వాత చెప్పింది, ఇసుక మీద కూర్చుని, నా వైపు కాక పడవ వైపు చూస్తూ.

నాలుగు నెలల కిందట నూకరాజు ఒక్కడే వేటకు వెళ్లాడు. జతగా వెళ్లే తమ్ముడు అప్పన్నకు ఆ రోజు జ్వరం. రెండో రోజున భీమిలి వైపు పడవలు ఈ పడవను లాక్కొచ్చాయి. అందులో మనిషి లేడు. హార్బరు మెరైన్ పోలీసు ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి దూరం నుంచే చూసి, పంచనామా అయ్యేదాకా ఎవరూ లోపల చెయ్యి పెట్టొద్దని టార్పాలిన్ కప్పించి వెళ్లాడు. మళ్లీ రాలేదు. అడిగినప్పుడల్లా ఒకటే జవాబు: శవం లేదు, కనక చావు కాదు. సాక్షులుగా నిలబడేవాళ్లందరూ మీ చుట్టాలే, కనక సాక్ష్యం కాదు. మనిషి ఆ రోజు పడవెక్కాడనే రుజువు లేదు, ఎక్కడికైనా వెళ్లిపోయి ఉండొచ్చు, చనిపోయాడని రాయాలంటే ఏడేళ్లు ఆగండి.

“ఎల్లిపోనాడంట,” అంది పైడమ్మ. “అంటే నన్నొగ్గీసి పారిపోనాడని రాత్తారు. నా పెనిమిటి సముద్రానికెల్లినాడు. ఆ మాట కాయితం మీద ఉండాల. ఇంకేటి వొద్దు నాకు.”

ఆ మాటకు ఉన్న ఒకే ఒక్క ఆధారం ఆ టార్పాలిన్ కింద ఉంది. సోమవారం కార్పొరేషన్ వాళ్ల మిషనొస్తుందట. తీరం అందంగా కనిపించడానికి, వాడకంలో లేని పడవలన్నీ ఎత్తి పారేస్తారట. ఒక రాత్రి అప్పన్న, ఇంకో నలుగురూ దీన్ని జరిపి దాచేద్దామని వచ్చారు. పక్షి కొన మీద నిలబడి ఉంది. ఒక్కరూ చెయ్యి వెయ్యలేదు.

“అన్నొచ్చి కూకున్నాడని వొదినంటాది,” అన్నాడు అప్పన్న. ఎప్పుడొచ్చాడో, ఖాళీ ఇసుక అంచున ఆగి ఉన్నాడు, కుక్కలు ఆగే చోటే. “నాకు తెలవదు మేడమ్. నా సోటు ఖాళీగా ఉంది కదా, ఆ పడవలో. నాను మాత్రం ముట్టుకోను.”

నేను అతనితో వాదించలేదు. ఇది నా చరిత్రలో అరుదు.

ఎనిమిదింటికి పక్క సందులో ఇడ్లీ తిన్నాను, ప్లేటు ముప్పై, చట్నీ ఘాటు ఎక్కువ. పదికల్లా రెండు కార్లు దిగాయి. ఒక డాక్టరు, ఇద్దరు కాలేజీ లెక్చరర్లు, ఒక రిటైరైన ఇంజనీరు, ప్రసాదు, ఇంకో ముగ్గురు. భుజాల మీద ఫిరంగుల్లాంటి లెన్సులు. ఎవరూ పైడమ్మను పలకరించలేదు. నేరుగా పడవ మీదికి నడిచారు.

ఆమె అడ్డంగా నిలబడింది, గంప నడుముకు ఆనించి. “ఎక్కడికి బాబూ?”

“పక్షిని ఫోటో తీసుకోవాలమ్మా. రెండు నిమిషాలు.”

“తీసుకోండి. ముందర పడవలో ఏటుందో సూడండి. సూసింది రాసి సంతకాలు ఎట్టండి. మీరు నా సుట్టాలు కారు కదా.”

ఎనిమిది మందీ నా వైపు చూశారు. నాకు అంత వరకు తట్టనే లేదు. ఇరవై ఏళ్లుగా హక్కుల గురించి మాట్లాడుతున్నదాన్ని, నాకు తట్టలేదు, ఆమెకు తట్టింది. ప్రసాదు కొంచెం నసిగాడు: “పోలీసు గొడవల్లో మనమెందుకు…” నాకు అప్పటిదాకా దాచుకున్న కోపమంతా వచ్చింది. ఏమన్నానో ఇక్కడ రాయను. అతను ఇంకా నాతో మాట్లాడుతున్నాడు, అది అతని మంచితనం.

ఆఫీసాయనకు పైడమ్మ ఫోన్ నుంచే చేశాను. శనివారమైనా హార్బరులో డ్యూటీలో ఉన్నాడు. సాక్షులున్నారంటే చూద్దామన్నాడు. డాక్టరు, లెక్చరర్లు అంటే సోమవారం అన్నాడు. అరుదైన పక్షి వచ్చింది, ఈ పడవ మీదే ఉంది, పత్రికలవాళ్లు వచ్చినా రావచ్చు అన్నాను. నలభై నిమిషాల్లో స్కూటరు మీద వచ్చాడు. దిగుతూనే, “ఏదండీ, ఆ పక్షి?” అన్నాడు.

“పక్షి ఎక్కడికీ పోదు. ముందు పడవ,” అన్నాను.

పదకొండున్నరకు టార్పాలిన్ తాళ్లు విప్పారు. గాలి అప్పటికి తిరిగి సముద్రం మీంచి వీస్తోంది. మొదటి ముడి వదలగానే పక్షి లేచింది. అరవలేదు, మా మీద ఒక్క చుట్టు కూడా తిరగలేదు. ఒకే గీతలో, ఓడల వరస దాటి, చుక్కయి పోయింది. ఎనిమిది కెమెరాల్లో ఒక్కటీ పైకి లేవలేదు. వాటి మీద నాకు కొంచెం గౌరవం కలిగింది.

లోపల ఉప్పు వాసన, ఇంకే వాసనా లేదు. వల సగం లాగి మడతలు పెట్టి ఉంది, మిగతా సగం చీలికలు. ఇంజను పెట్టె మీద స్టీలు క్యారేజీ, మూత బిగించే ఉంది. పక్క బద్దకు కట్టిన తాడు పడవ మధ్యదాకా వచ్చి, చివర ఒక ఉచ్చు. ఒక్కడే వెళ్లే రోజు నడుముకు కట్టుకునే తాడట. ఉచ్చు గుండ్రంగా, మనిషి నడుమంత వెడల్పుగా, ఇసుకలో పామల్లే పడి ఉంది. తెగలేదు. విప్పలేదు. దాని లోపల మనిషి లేడు, అంతే.

ఆఫీసాయన రాయడం మొదలుపెట్టాడు: ‘తాడు ఊడిపోయి…’

“ఆగండి,” అన్నాడు ప్రసాదు. నేను కాదు, ప్రసాదే. “ఊడిందని మీకెవరు చెప్పారు? మేం పక్షిని చూసినప్పుడు ముందు పేరు పెట్టం, చూసింది రాస్తాం. పేరు ముందు పెడితే ఏమవుతుందో పొద్దున్నే చూశాం. ముడి బిగిసి ఉంది. ఉచ్చు మూసి ఉంది. అది రాయండి.”

డాక్టరు టేపు పెట్టి ఉచ్చు కొలిచాడు. లెక్చరరు వల మడతలు లెక్కబెట్టాడు. అదే ఓపిక, అదే చాదస్తం, పక్షి ఈకల మీద చూపించేది. అప్పుడు పైడమ్మ ముందుకు వచ్చి ముడి దగ్గర కూర్చుంది, ముట్టుకోకుండా.

“ఇది ఆడి సేతి ముడే,” అంది. “ఎడం సేతోడు. అందరి ముడీ ఇటు తిరుగుతాది, ఆడిది అటు తిరుగుతాది. అప్పన్నా, నీది కట్టి సూపించు.”

అప్పన్న ఖాళీ ఇసుక దాటి వచ్చాడు, నాలుగు నెలల తర్వాత మొదటిసారి. వేరే తాడు ముక్కతో అదే ముడి వేసి పక్కన పెట్టాడు. తేడా అందరికీ కనిపించింది, గులాబీ కాలుకీ పసుపు కాలుకీ ఉన్నంత. ఆఫీసాయన కలం ఆగింది, మళ్లీ కదిలింది: పడవలోని తాడు ముడి నూకరాజు వేసినదేనని భార్య, తమ్ముడు గుర్తించినారు, సాక్షుల ఎదుట పోల్చి చూడడమైనది. కింద ఎనిమిది మంది చుట్టాలు కానివాళ్ల సంతకాలు, తొమ్మిదోది నాది.

నేను ఒక విషయం ఒప్పుకోవాలి. ఆ ఉదయం ఆమె నమ్మకాన్ని సరిదిద్దడానికి వెళ్లాను. ఆ పక్షి ఆమె భర్త కాదు, ఈ మాట మీద నేను రవ్వంత కూడా వెనక్కి తగ్గను. కానీ ఆ ఒడ్డున సరిగ్గా చూసింది ఆమె, తప్పు చూసింది నేను. కాళ్ల అసలు రంగు ఆమెకు గుర్తుంది, ముడి ఎటు తిరుగుతుందో ఆమెకు తెలుసు. నాలుగు నెలలుగా ఆమె దగ్గర సాక్ష్యముంది, అడిగినవాడు లేడు. సాయంత్రం బండిలో తిరిగి వస్తుంటే తుని దాటేదాకా కళ్లు మూస్తే ఆ ఉచ్చే కనిపించింది. ఆదివారం పక్షి తిరిగి రాలేదని ప్రసాదు చెప్పాడు. సోమవారం మిషనొచ్చి వెళ్లాక పడవ ఇంకా అక్కడే ఉందా అని నేను అడిగాను. ఉంది.

వెళ్లేవాళ్లకు ఒకే సలహా: గల్ కాళ్ల రంగు రాసుకునే ముందు అది నిలబడిన చెక్క చూడండి, ఆ చెక్క ఎవరిదో వాళ్లనడిగి దగ్గరికి వెళ్లండి.

ఇక మా డిమాండ్లు. పైడమ్మ, అప్పన్న, నేను కూర్చుని రాసినవి:

1. పంచనామా ముగిసినా, విచారణ పూర్తయ్యేదాకా నూకరాజు పడవను ఎవరూ కదల్చరాదు.
2. మనిషి లేకుండా తిరిగొచ్చిన ప్రతి పడవకూ వారం లోపల పంచనామా జరగాలి.
3. జాలరి సాక్ష్యం చుట్టరికం పేరుతో కొట్టివేయరాదు. ఊరంతా చుట్టాలైతే ఊరంతా సాక్షులే.
4. శవం దొరకలేదన్న కారణంతో భార్యాబిడ్డల్ని ఏడేళ్లు నిలబెట్టరాదు.
5. ‘ఎక్కడికో వెళ్లిపోయినాడు’ అన్న మాట ఫైలులోంచి కొట్టేయాలి.
6. దాని స్థానంలో ‘సముద్రానికి వెళ్లినాడు, తిరిగి రాలేదు’ అని రాసి, పైడమ్మకు చదివి వినిపించాలి.